పసుపు లైటు పంచాయితీ

(మేనమామ గుడివాడలో ఫిజిక్స్ లెక్చరరుగా చేసి రిటైరయ్యాడు. మేనల్లుడు విజయవాడ ఆటోనగర్‌లో కార్ల ఎలక్ట్రికల్ షెడ్డు నడుపుతాడు. మావయ్య కారు మీటర్ బోర్డు మీద, కారు బొమ్మ కింద రెండు వంకర గీతలున్న పసుపు లైటు వెలిగి ఆరడం లేదు. పక్కనే ఏబీఎస్ లైటు కూడా ఉంది. కారు మాత్రం మామూలుగానే నడుస్తోంది. అమ్మకానికి పెట్టేముందు ఆ లైటు ఆర్పించుకుందామని మావయ్య షెడ్డుకొచ్చాడు. మేనల్లుడు కుదరదన్నాడు. పంచాయితీ అక్కడ మొదలైంది.)

మావయ్య: ఒరేయ్, నేనడిగింది చిన్న పని. ఆ లైటు కనబడకుండా చెయ్యి, అంతే. పికప్ ఉంది, మైలేజీ ఉంది, బ్రేకు పడుతోంది. ఇంక ఆ దీపంతో నాకేం పని?

మేనల్లుడు: కారు నడవదని నేననలేదు మావయ్యా. చక్రం జారితే పట్టుకునే ట్రాక్షన్ కంట్రోల్ డ్యూటీ దిగిపోయిందని ఆ లైటు చెబుతోంది. మామూలు రోజుల్లో దాని లోటు తెలియదు. తెలిసే రోజు మాత్రం ముందు చెప్పి రాదు.

మావయ్య: మంచు కురిసే దేశాల గొడవ అది. మనకెందుకు? నేను అంబాసిడర్ మీద, ముసురులో, దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కి దిగినవాణ్ణి. అప్పుడు ఏ కంప్యూటరు నన్ను కాపాడింది? కాలు అదుపులో ఉండాలి, కళ్ళు రోడ్డు మీదుండాలి. అంతకుమించి ఏమీ అక్కర్లేదు.

మేనల్లుడు: మంచు లేదు సరే, బురద లేదా? నాట్ల రోజుల్లో దమ్ము చేసిన ట్రాక్టరు పొలంలోంచి రోడ్డెక్కిందంటే నల్లరేగడి మట్టి తారు మీద పరుచుకుంటుంది. దాని మీద నాలుగు చినుకులు పడితే మనిషి నిలబడలేడు. ఇక కోతల రోజుల్లో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు. ఎదురుగా బస్సొస్తే మీరు ఎడమకు తీస్తారు. ఎడమ చక్రాలు రెండూ గింజల మీద, కుడి చక్రాలు రెండూ తారు మీద. అప్పుడు గట్టిగా యాక్సిలరేటర్ తొక్కితే ఏమవుతుంది? ఫిజిక్స్ మాస్టారు మీరే చెప్పండి.

మావయ్య: అవుతుందేముంది? గింజల మీది చక్రం ఊరికే తిరుగుతుంది. మామూలు డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ ఒకే టార్క్ పంచుతుంది. జారే చక్రం ఎంత తక్కువ తీసుకుంటే, తారు మీదున్న చక్రానికీ అంతే అందుతుంది. అందుకే ఒక చక్రం గోతిలో పడ్డ కారు రెండోది గట్టి నేల మీదున్నా కదలదు. ఇది నేను పాతికేళ్ళు పాఠం చెప్పాను.

మేనల్లుడు: ఆ పాఠానికి తరువాయే ట్రాక్షన్ కంట్రోల్. నాలుగు చక్రాల దగ్గరా ఏబీఎస్ కోసం పెట్టిన స్పీడ్ సెన్సార్లున్నాయి కదా. ముందు చక్రాల్లో ఒకటి మిగతా వాటికన్నా వేగంగా తిరుగుతోందని వాటి లెక్కల్లో తేలగానే, ఆ ఒక్క చక్రానికే బ్రేకు పడుతుంది. మీరన్నట్టు ఇటు ఎంత బరువు పడితే అటు అంత టార్క్ వెళుతుంది కాబట్టి, తారు మీది చక్రం కారును లాగేస్తుంది. అది చాలకపోతే ఇంజను పవర్ కూడా తగ్గిస్తుంది. మీ కాలు ఎంత అదుపులో ఉన్నా ఒక్క చక్రానికి బ్రేకు వేయలేదు మావయ్యా. పెడల్ ఒకటే, చక్రాలు నాలుగు.

మావయ్య: మాట బాగానే ఉంది. మరి పోయిన వానాకాలం మన చేలో కారు దిగబడినప్పుడు ఈ మహానుభావుడే కదా నన్ను బయటికి రానివ్వనిది! నేను యాక్సిలరేటర్ తొక్కడం, ఇది పవర్ కోసేయడం. ఆఖరికి డ్యాష్‌బోర్డు మీద ఆఫ్ బటన్ నొక్కి, చక్రాలు బురద చిమ్ముకుంటూ తిరిగితే గానీ బయటపడలేదు. నాకు సాయం చేసిందా, అడ్డం పడిందా?

మేనల్లుడు: అక్కడ అడ్డమే పడింది. లోతు బురదలో, ఇసుకలో చక్రం కొంత తిరిగితేనే పైమట్టిని తోసుకుని గట్టి నేల పట్టుకుంటుంది. అందుకే ఆ బటన్ పెట్టారు, ఓనర్ మాన్యువల్‌లో కూడా రాశారు. కానీ మీరు బటన్ నొక్కినప్పుడు వెలిగిన లైటు వేరు, ఇప్పుడు వెలిగింది వేరు. బటన్ నొక్కితే బొమ్మ కింద ఆఫ్ అని వస్తుంది. చక్రం జారేటప్పుడు లైటు టకటకా కొట్టుకుంటే ట్రాక్షన్ కంట్రోల్ పని చేస్తోందని, దానికి రిపేరు అక్కర్లేదు, స్పీడు తగ్గిస్తే చాలు. ఆగకుండా నిలకడగా వెలిగిందంటేనే లోపం. మీది ఆ మూడో రకం. పక్కన ఏబీఎస్ లైటు కూడా ఉంది కాబట్టి గట్టి బ్రేకు కొట్టినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏర్పాటూ పోయింది. వీటికి తోడు ఎర్ర బ్రేకు లైటు కూడా వెలిగి ఉంటే మిమ్మల్ని గుడివాడ నుంచి నడుపుకుంటూ రానిచ్చేవాణ్ణి కాదు. బ్రేకు ఆయిలు తగ్గి ఉండొచ్చు, ముందు వెనక చక్రాలకు బ్రేకు పంచే పనీ ఆగి ఉండొచ్చు. ఎర్రది కనబడితే బండి పక్కకు ఆపాల్సిందే.

మావయ్య: భయపెట్టడం మీ వృత్తి ధర్మం. ముందు లైటు పెడతారు, తర్వాత దాన్ని చూపించి బిల్లు రాస్తారు. కంపెనీలకిది వ్యాపారం.

మేనల్లుడు: వ్యాపారం ఉంది, కాదనను. కానీ ఇది ఎలా వచ్చిందో కూడా చూడండి. 1978లో బాష్ వాళ్ళ ఏబీఎస్ మెర్సిడెస్ ఎస్ క్లాస్‌లో వచ్చింది. 1995లో మెర్సిడెస్ పెద్ద కారులోనే ఈఎస్‌పీ వచ్చింది. అంటే జారే చక్రాన్ని పట్టుకోవడంతో ఆగకుండా, స్టీరింగ్ ఒకవైపు తిప్పితే కారు ఇంకోవైపు వెళుతుంటే కూడా సరిచేసే పద్ధతి. ధనవంతుల కార్లకే పరిమితం అనుకుంటుండగా, 1997లో స్వీడన్‌లో ఒక పత్రిక వాళ్ళు మెర్సిడెస్ చిన్న కారు ఏ క్లాస్‌ను పరీక్షించారు. రోడ్డుకు అడ్డంగా దుప్పి వస్తే తప్పించినట్టు ఒక్కసారిగా అటూ ఇటూ తిప్పారు. కారు బోల్తా పడింది.

మావయ్య: చూశావా? పత్రిక వాళ్ళు పరువు తీస్తే గానీ కంపెనీ కదల్లేదు. ప్రేమతో పెట్టలేదు.

మేనల్లుడు: ఎందుకు పెట్టారన్నది పక్కన పెట్టండి. ఆ చిన్న కారులో ఈఎస్‌పీని తప్పనిసరి చేశారు. మన దగ్గర 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ ఉండాల్సిందే. 2023లో మొదలైన భారత్ ఎన్‌క్యాప్ భద్రతా పరీక్షల్లో కారుకు మూడు స్టార్లు రావాలన్నా ఈఎస్‌పీ లాంటి స్టెబిలిటీ కంట్రోల్ ఉండి తీరాలి. మీరు స్టార్లు చూసే కొన్నారు కదా. ఆ స్టార్లలో ఒక భాగం ఇప్పుడు పని చేయడం లేదు.

మావయ్య: సరే, లోపమే అనుకుందాం. నేనేమీ చూపించకుండా ఊరుకోలేదు. మొదటి గ్యారేజీలో స్కానర్ పెట్టి ఏబీఎస్ యూనిట్ మొత్తం పోయిందన్నాడు. చెప్పిన రేటు వింటే కారే వాడికిచ్చి రావాలనిపించింది. రెండోవాడు ఎడమ ముందు చక్రం సెన్సార్ అని కోడ్ చూపించి కొత్త సెన్సార్ వేశాడు. లైటు ఆరింది. ఇంటికి వెళ్ళేలోపు మళ్ళీ వెలిగింది. కోడ్ చెప్పిన పార్టు మార్చినా ఆరలేదంటే, మీ యంత్రం చెప్పేది శుద్ధ అబద్ధమనే కదా?

మేనల్లుడు: యంత్రం అబద్ధం చెప్పలేదు. చదివినవాడు తొందరపడ్డాడు. ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమన్నట్టుంది వాడి పని. స్కానర్ చెప్పింది ఎడమ ముందు చక్రం నుంచి సిగ్నల్ రావడం లేదని. సెన్సార్ చచ్చిపోయిందని అనలేదు. సిగ్నల్ రాకపోవడానికి సెన్సార్ ఒక కారణం. వైరు తెగి ఉండొచ్చు, కనెక్టర్‌లో తుప్పు పట్టి ఉండొచ్చు, సెన్సార్ ఎదురుగా తిరిగే రింగు పగిలి ఉండొచ్చు, బేరింగ్ ఊగుతుండొచ్చు. కోడ్ మనకు వీధి పేరు చెబుతుంది, ఇంటి నంబరు మనం వెతుక్కోవాలి.

మావయ్య: నేనూ వెతికానులే. ఆన్‌లైన్‌లో చిన్న బ్లూటూత్ పరికరం కొని, ఫోన్‌లో యాప్ వేసుకుని, స్టీరింగ్ కింద సాకెట్‌లో గుచ్చి చూశాను. ఏ కోడూ లేదు, అంతా బాగుందంది. తర్వాత మల్టీమీటర్ తీసి, తీసేసిన పాత సెన్సార్‌నీ, కొత్త సెన్సార్‌నీ ఓమ్‌లలో కొలిచాను. రెండిటికీ అర్థం పర్థం లేని రీడింగులు. కొత్తదీ చెడిపోయిందే అనుకున్నాను.

మేనల్లుడు: ఆ చవక పరికరాలు చాలావరకు ఇంజను కోడ్‌లే చదువుతాయి. ఏబీఎస్ గదిలోకి వాటికి ప్రవేశం లేదు. అంతా బాగుందంటే ఇంజను బాగుందని అర్థం. ఇక ఓమ్‌ల సంగతి. పాత కార్లలో సెన్సార్ లోపల తీగ చుట్ట ఉండేది. దాన్ని కొలిస్తే సుమారు వెయ్యి ఓమ్‌లు చూపించేది, తెగితే అనంతం. ఇప్పటివి యాక్టివ్ సెన్సార్లు. లోపల ఎలక్ట్రానిక్ సర్క్యూట్ ఉంటుంది. వైర్లు రెండే, వాటి మీదే కరెంటు, వాటి మీదే సిగ్నల్. చక్రం తిరుగుతుంటే కరెంటు 7 మిల్లీ ఆంపియర్లకూ 14 మిల్లీ ఆంపియర్లకూ మధ్య మారుతుంటుంది. దానికి ఓమ్ మీటర్ పెడితే వచ్చే అంకెకు విలువ లేదు.

మావయ్య: ఏడు, పధ్నాలుగు. అంటే రెండే స్థాయిలు. డిజిటల్ సిగ్నల్ అన్నమాట. ఇది మాత్రం బాగుందిరా. మరి నువ్వెలా పట్టుకుంటావు?

మేనల్లుడు: స్కానర్ కన్నా ముందు మిమ్మల్ని అడుగుతాను. ఆ లైటు కీ ఆన్ చేయగానే వెలిగి ఉండిపోతోందా? లేక ఆరిపోయి, కదిలాక వెలుగుతోందా?

మావయ్య: కీ ఆన్ చేస్తే అన్నిటితో పాటు వెలిగి ఆరుతుంది. వీధి మలుపు దాటేసరికి మళ్ళీ వస్తుంది. ఎప్పుడూ అంతే.

మేనల్లుడు: సగం పని మీరే చేశారు. ఆగి ఉన్నప్పుడు కంప్యూటర్ వైర్లు, ఫ్యూజు, సెన్సార్‌కు కరెంటు అందుతోందా అన్నది చూసుకుంటుంది. అక్కడ తెగి ఉంటే కీ ఆన్ చేసినప్పటి నుంచీ లైటు ఆరదు. ఎలుకలు వైరు కొరికిన కార్లన్నీ ఆ బాపతే. మీ కారులో అక్కడ అంతా సరిగ్గా ఉంది. కదిలాక మూడు చక్రాల స్పీడు వస్తోంది, నాలుగోది రావడం లేదు. అప్పుడు వెలుగుతోంది. అంటే వైరు బాగుంది, సెన్సార్‌కు కరెంటు అందుతోంది, దానికి చూడ్డానికి ఎదురుగా ఏదో లేదు. అదే స్టీరింగ్ తిప్పినప్పుడు మాత్రమే వెలిగితే చక్రం దగ్గర వైరు లోపల తెగిందని చూస్తాను. వీల్ అలైన్‌మెంట్ చేయించిన తర్వాతో, బ్యాటరీ తీసి పెట్టాకో మొదలైతే స్టీరింగ్ యాంగిల్ సెన్సార్‌కు నడిమధ్య ఎక్కడో మళ్ళీ నేర్పించాలి. చెక్ ఇంజన్ లైటుతో కలిసి వస్తే ముందు ఇంజను చూడాలి. ఇంజను మాట వినేలా లేనప్పుడు ట్రాక్షన్ కంట్రోల్ తనంతట తానే తప్పుకుంటుంది.

మావయ్య: బ్యాటరీ సంగతి? అందరూ మొదట అదే అంటారు.

మేనల్లుడు: అనాల్సిందే, ఎందుకంటే దానికి ఖర్చు లేదు. రాత్రంతా ఆగిన కారుకు 12.6 వోల్టులు, ఇంజను నడుస్తుంటే 14కు అటూ ఇటూ ఉండాలి. ముసలి బ్యాటరీ స్టార్టింగ్‌లో బాగా పడిపోతే ఏబీఎస్ కంప్యూటర్ బెదిరిపోయి లైటు వేసేస్తుంది. మీది చూశాను, బాగుంది. బ్రేకు ఆయిలు గీత మీదుంది. నాలుగు టైర్లూ ఒకే సైజు. చిన్న స్టెప్నీ తగిలించుకుని తిరగడం లేదు. ఇవన్నీ కంటితో అయిపోయే పనులు. ఇక అసలు ప్రశ్న. ఈ లైటు మొదలవడానికి ముందు ఆ చక్రం దగ్గర ఎవరైనా చెయ్యి పెట్టారా?

మావయ్య: గుర్రుమని శబ్దం వస్తోందంటే ఎడమ ముందు బేరింగ్ మార్పించాను. రోడ్డు పక్క షాపులో. ఆ శబ్దం పోయింది. లైటు కూడా ఇంచుమించు అప్పటి నుంచేనేమో. అయినా బేరింగ్‌కూ ట్రాక్షన్‌కూ ఏం సంబంధం?

మేనల్లుడు: మొత్తం సంబంధం అక్కడే ఉంది. ఇలా రండి. ఇది డబ్బాలోంచి ఇప్పుడే తీసిన కొత్త బేరింగ్, మీ కారు సైజే. ఈ పక్క సీలు చూడండి, ఆ పక్క సీలు చూడండి. తేడా ఏమైనా ఉందా?

మావయ్య: రెండూ గుండ్రంగా, రబ్బరు సీలులాగే ఉన్నాయి. ఒకటి కాస్త ముదురు గోధుమ రంగు.

మేనల్లుడు: ఇప్పుడు ఈ ఆకుపచ్చ కార్డు దాని మీద పెట్టండి. అయస్కాంతాన్ని కంటికి చూపించే కార్డు ఇది.

మావయ్య: అరె! చుట్టూ గీతలు వచ్చాయి. ఒకటి లేత, ఒకటి ముదురు. ముదురుగా ఉన్నవి ధ్రువాలు, లేత గీతలు వాటి మధ్య సరిహద్దులు. రెండోవైపు పెడితే ఏమీ లేదు, ఖాళీ.

మేనల్లుడు: ఆ గోధుమ రంగు సీలులోనే అయస్కాంతపు రింగు ఉంది. నలభైకి పైగా ధ్రువాల జతలు. పాత కార్లలో ఇనప పళ్ళ రింగు కంటికి కనిపించేది, ఇప్పుడది సీలులో కలిసిపోయింది. ఆ వైపు సెన్సార్‌కు ఎదురుగా ఉండాలి. బేరింగ్ ఎటు పెట్టి ప్రెస్ కొట్టినా హబ్‌లో కూర్చుంటుంది. తిరగేసి కొడితే చక్రం సాఫీగా తిరుగుతుంది, శబ్దం రాదు, వేసినవాడికి అనుమానం రాదు. సెన్సార్ ముందు మాత్రం ఏమీ లేని రబ్బరు తిరుగుతుంటుంది. కొత్త సెన్సార్ వేస్తే దానికీ అదే కనబడుతుంది. ఏబీఎస్ యూనిట్ మారిస్తే దానికీ అదే.

మావయ్య: ఊహ బాగుంది. కానీ రెండోవాడిలాగే నువ్వూ ఊహించి పార్టు మారుస్తానంటే ఒప్పుకోను. రుజువు చూపించు.

మేనల్లుడు: అలా అడిగితేనే నాకిష్టం. స్కానర్‌లో నాలుగు చక్రాల స్పీడు ఒకేసారి పెట్టి, ఇరవైలో ఆటోనగర్ వీధిలో నడిపాను. మూడు ఇరవై చూపిస్తున్నాయి, ఎడమ ముందుది సున్నా. ఇక చివరి పరీక్ష. ఒక్క బోల్టు విప్పితే సెన్సార్ బయటికొస్తుంది. ఇదిగో ఆ కంత. ఈ గుండుసూదిని దారానికి కట్టి లోపలికి దించండి, సీలు దాకా. ఏమైనా లాగుతోందా?

మావయ్య: లేదు. ఊరికే వేలాడుతోంది.

మేనల్లుడు: ఇప్పుడు కుడి చక్రం కంతలో అదే సూది.

మావయ్య: పట్టేసింది! చక్రం తిప్పితే ఇటూ అటూ లాగుతోంది. ఒరేయ్, ఆ స్కానర్ వేలు పోసి కొన్నావు, రుజువు మాత్రం గుండుసూదితో చూపించావు.

మేనల్లుడు: ఏ చక్రమో స్కానర్ చెప్పింది. ఎందుకో సూది చెప్పింది. రెండూ కావాలి. పాత బేరింగ్‌ను ప్రెస్‌లో బయటికి నెడితే లోపలి బాల్స్ దెబ్బతింటాయి, అందుకని తిరగేసి మళ్ళీ దాన్నే వేయకూడదు. కొత్తది, గోధుమ రంగు వైపు సెన్సార్ దిక్కుగా వేసి, యాక్సిల్ నట్టు టార్క్ రెంచితో బిగించి, కోడ్ ఎరేజ్ చేసి, నాలుగు అంకెలూ సమానంగా వస్తున్నాయో లేదో నడిపి చూస్తాను. కొన్ని కార్లలో రిపేరు అయ్యాక కూడా కాస్త దూరం నడిపితే గానీ లైటు ఆరదు. కంగారు పడకూడదు.

మావయ్య: ఇంత చెప్పావు గానీ నా మొదటి మాట మిగిలే ఉంది. నేను కారు అమ్మేస్తున్నాను. లైటు పోవడానికి రెండో దారి ఉందని ఇదే ఆటోనగర్‌లో ఒకడు చెప్పాడు. ఆ లైటు వైరును ఇంజను ఆయిల్ లైటుకు కలిపేస్తాడట. ఇంజను స్టార్ట్ కాగానే రెండూ ఆరిపోతాయి. కొనేవాడికి తెలియదు.

మేనల్లుడు: పాత కార్లకు చేసేవాళ్ళు ఆ పని. తెలిసినవాడు ఇట్టే పట్టేస్తాడు. ఇంజను స్టార్ట్ చేయకుండా కీ మాత్రం ఆన్ చేసి ఆగాలి. చాలా కార్లలో ఏబీఎస్ లైటు తనను తాను పరీక్షించుకుని కొద్ది సెకన్లలో ఆరిపోతుంది. ఆయిల్ లైటు, బ్యాటరీ లైటు ఇంజను స్టార్ట్ అయ్యేదాకా వెలుగుతూనే ఉంటాయి. ఏబీఎస్ లైటు సరిగ్గా ఆయిల్ లైటుతో కలిసి ఆరిందంటే ఎవడో వైరు కలిపాడని అర్థం. అసలు వెలగనే లేదంటే బల్బు పీకేశారు, లేదా స్టిక్కర్ అంటించారు. మీ కారు కొనేవాడు ఏ ధాన్యం పోసిన రోడ్డు మీదో తన కుటుంబాన్ని ఎక్కించుకుని పోతాడు మావయ్యా. వాడికి ఏబీఎస్ లేదని మీకు తెలుసు, నాకు తెలుసు, వాడికి తెలియదు. ఆ పని నేను చేయను, మీకైనా సరే.

మావయ్య: సరే, వైరు మాట వదిలేస్తున్నాను. బేరింగ్ మార్చు. కానీ నా ఫిర్యాదు ఒకటి రాసుకో. డబ్బు పెట్టి కొన్న కారులో లోపమేమిటో ఓనరుకు తెలియకుండా, గ్యారేజీవాడి యంత్రం మాత్రమే చదివేలా తాళం వేసి పెట్టడం అన్యాయం. మొదటివాడు ఏబీఎస్ యూనిట్ అన్నప్పుడు కాదనడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేకపోయింది.

మేనల్లుడు: అందులో మీతో నాకు పేచీ లేదు. ఏబీఎస్ కోడ్‌లు కూడా చదివే పరికరాలు ఇప్పుడు బజారులో ఉన్నాయి. కొనేముందు అది మీ కంపెనీ కారు ఏబీఎస్‌ను చదువుతుందో లేదో చూసుకోవాలి. అది లేనివాళ్ళు కనీసం ఒక్కటి చేయొచ్చు. లైటు ఎప్పుడు వెలిగింది, దానితో పాటు ఇంకేమి వెలిగాయి, అంతకుముందు కారుకు ఏ పని జరిగింది అన్నది ఒక కాగితం మీద రాసుకుని రావాలి. ఆ కాగితం ఉంటే మాకు సగం పని తగ్గుతుంది, వాళ్ళకు సగం బిల్లు తగ్గుతుంది.

మావయ్య: దానికి నేను ఇంకొకటి కలుపుతాను. గ్యారేజీకి వెళ్ళి ఎవరూ "ఈ లైటు ఆర్పండి" అని అడగొద్దు. అలా అడిగితే ఆర్పే ఇస్తారు. ఏ కోడ్ వచ్చింది, దాని మీద ఏం కొలిచారు, ఆ కొలతను బట్టి ఏ పార్టు మారుస్తున్నారు? పార్టు కొనకముందే ఈ మూడూ ఎస్టిమేట్ మీద రాయించుకోండి. మధ్యలో ఉన్న కొలత రాయలేనివాడి చేతికి కారు ఇవ్వకండి.